అవ్వ వెనక ఎంత ఆకాశం?

ప్రశ్న: కొడుకు బొంబాయికి వలసపోయిన కథకు బొమ్మ వేస్తున్నాను. అరుగు మీద అవ్వ కూర్చుని బాట వైపు చూస్తుంటుంది. వెనక గుట్టలు, తాటిచెట్లు, బస్సు అన్నీ శ్రద్ధగా గీశాను. చూసినవాళ్లు ఊరు బాగుందంటున్నారే గానీ అవ్వ దిగులు ఎవరికీ తట్టడం లేదు. ఎందుకు?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: తాటాకుల చీలికలు, గుట్టరాళ్ల పగుళ్లు అవ్వ ముఖం ముడతలంత స్పష్టంగా ఉంటే కన్ను అక్కడే ఆగిపోతుంది. ముందు బస్సు తీసేయండి. బస్సు కనబడితే కొడుకు దిగుతున్నాడేమో అనిపిస్తుంది, కథే మారిపోతుంది.

తర్వాత అగ్గిపెట్టెంత గళ్లు నాలుగు గీసుకుని, అవ్వను కదపకుండా నేల, ఆకాశం కలిసే గీతను మాత్రం మార్చి చూడండి. దాన్ని కిందికి, పావు వంతుకు దించితే ఆకాశం పెరిగి మనిషి ఒంటరిగా కనిపిస్తుంది. పైకి జరిపితే నేల పెరిగి బాట పొడవు తెలుస్తుంది. ఈ కథకు రెండోదే సరైనది. అవ్వను ఒక అంచున కూర్చోబెట్టి, ఆమె చూసే వైపు ఎర్రనేలను ఖాళీగా వదలండి. ఆ గీత ఆమె మెడ మీదుగా పోకూడదు, తల తెగినట్టుంటుంది.

నీటిరంగులైతే 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) మందపు కాగితం తీసుకోండి. అల్ట్రామెరైన్ నీలంలో కాస్త బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి లాంటి గోధుమరంగు), ఎక్కువ నీళ్లు కలిపితే దూరపు గుట్టలకు పలచని బూడిదరంగు వస్తుంది. మన ఎండాకాలంలో గుట్టలు అలాగే వెలిసినట్టుంటాయి. తడి కాగితం మీద వేస్తే అంచులు మెత్తబడతాయి. సగం ఆరిన పూత మీద తడికుంచె పెడితే మాత్రం నీరు పాకి గోబీపువ్వులా మరక పడుతుంది. పూర్తిగా ఆరనిచ్చి రెండో పూత వేయండి. అదే సియెన్నాను చిక్కగా వాడితే ముందున్న ఎర్రనేల అవుతుంది.

ముదురు చీర వెనక సున్నపు గోడ, నెరిసిన జుట్టు వెనక తలుపు సందు చీకటి ఉండాలి. ఫోన్‌లో ఫొటో తీసి నలుపు తెలుపు చేసి చూడండి. అప్పుడు అవ్వ గోడలో కలిసిపోతే తేడా చాలలేదన్నమాట. పత్రిక కాగితం మీద రంగు ముదురుగా అచ్చవుతుంది కనుక నేపథ్యాన్ని ఇంకాస్త లేతగానే ఉంచండి.

ప్రశ్న: పిల్లలమర్రి కింద పిల్లల ఆట గీస్తున్నాను. చెట్టంతా పట్టించబోతే పిల్లలు ఆనడం లేదు.
– ఒక విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: ఎకరాల కొద్దీ పరుచుకున్న చెట్టును పట్టించనక్కర్లేదు. మూడు నాలుగు ఊడలు కాగితం పైఅంచు దాటిపోయేలా గీస్తే మిగతా చెట్టు చూసేవాళ్లకే అర్థమవుతుంది. ఊడల మధ్య ఎండ పడేచోట పిల్లల్ని నిలబెట్టండి. సందులు వెడల్పుగా, ఆకులు పసుపు కలిసిన పచ్చగా ఉంటేనే ఆట కనిపిస్తుంది. సందులు ఇరుకై, ఊడలు ముదిరితే అదే చోటు దయ్యాల కథకు సరిపోతుంది. నీడలకు ట్యూబు నలుపు వాడకండి, పచ్చదనం మురికిగా మారుతుంది. ఆకుపచ్చలోనే కొంచెం ఎరుపు కలపండి.