చెయిన్ సా బార్‌కి ఏ ఆయిల్ పోయాలి? కాలిన ఇంజిన్ ఆయిల్ సరిపోతుందా?

మీరు అడిగింది ఇదీ: 58 సీసీ మిషన్, 22 అంగుళాల బార్ (చెయిన్ చుట్టూ తిరిగే పొడవాటి ఇనుప పట్టీ), జామాయిల్, తాటి మొద్దులు కోస్తున్నారు. షాపులో కాలిన ఇంజిన్ ఆయిల్ చాలన్నారు. ఇప్పుడు బార్ ముక్కు దగ్గర పొగ వస్తోంది.

కాలిన ఆయిల్ వద్దండి. చెయిన్ ఆయిల్ అని విడిగా అమ్మేది దొరికితే అదే పోయండి. దొరక్కపోతే కొత్త ఎస్‌ఏఈ 30 (ఆయిల్ చిక్కదనం నంబరు) ఇంజిన్ ఆయిల్, మన ఎండాకాలంలో 40. అయితే పొగకి ఆయిల్ ఒక్కటే కారణం కాకపోవచ్చు, అది కింద చెప్తాను.

చెయిన్ సెకనుకి 20 మీటర్ల వేగం దగ్గర్లో తిరుగుతుంది. బార్ చివర మలుపు తిరిగేటప్పుడు పల్చటి ఆయిలైతే అక్కడే చిమ్మేస్తుంది, కింది అంచుకి ఏమీ మిగలదు. కోసేటప్పుడు భారమంతా పడేది ఆ కింది అంచు మీదే. అందుకే చెయిన్ ఆయిల్‌లో జిగురు గుణం ఉన్న పదార్థం కలుపుతారు. రెండు వేళ్ల మధ్య చుక్క వేసి విడదీస్తే సన్నటి తీగలా సాగుతుంది. ఇంజిన్ ఆయిల్ అలా సాగదు, టక్కున తెగిపోతుంది. కాబట్టి ఇంజిన్ ఆయిల్ పోస్తే బార్‌కి ఆయిల్ అందించే పంపు స్క్రూని ఎక్కువ వైపు తిప్పుకోవాలి, ఖర్చూ పెరుగుతుంది.

ఇక కాలిన ఆయిల్. "బట్టలో వడకట్టి పోస్తున్నాను కదా" అంటారు. ఇంజిన్ ఆయిల్ తయారీలోనే మసినీ, ఇనుప రజనునీ అడుక్కి దిగకుండా తనలో తేలుతూ ఉంచే మందులు కలుపుతారు. ఆ రజను బట్టలోంచి హాయిగా దిగిపోతుంది. బార్ గాడిలో అది రాపిడి పౌడర్‌లా పనిచేసి, ముందు పంపుని, తర్వాత బార్ అంచుల్ని తినేస్తుంది. పైగా అది తుంపరలుగా చేతుల మీదా ముఖం మీదా పడుతుంది. వాడేసిన ఆయిల్ ఏళ్ల తరబడి ఒంటికి తగిలితే చర్మ క్యాన్సర్ ముప్పు ఉంది. లీటరుకి మిగిలే డబ్బు ఒక్క బార్ మారిస్తే పోతుంది.

మిగతావి క్లుప్తంగా:

ట్రాక్టర్ గేర్‌బాక్స్ 90 ఆయిల్: 90 అని చూసి 30 కంటే మూడింతలు చిక్కన అనుకోకండి, గేర్ ఆయిళ్ల కొలబద్ద వేరు. ఇంజిన్ ఆయిల్ లెక్కలో అది 40-50 మధ్య పడుతుంది. ఎండాకాలంలో నడిచిపోతుంది. చలి ఉదయాల్లో చిన్న పంపు దాన్ని లాగలేదు.

హైడ్రాలిక్ 68: పల్చన, జిగురు లేదు. వద్దు.

లేత్ మిషన్లకి వేసే స్లైడ్‌వే ఆయిల్: చాలామందికి తట్టదు గానీ ఇందులోనూ జిగురు గుణం ఉంటుంది. 68, 220 గ్రేడుల్లో వస్తుంది. చెయిన్ ఆయిల్ దొరకని ఊళ్లో ఇది దొరికితే, ఇంజిన్ ఆయిల్ కంటే నా ఓటు దీనికే, 220కి.

వంటనూనె: ఆ రోజు పనికి ఇబ్బంది లేదు. ట్యాంకులో వారాల తరబడి వదిలేస్తే బంకలా ముదిరి పైపు, ఫిల్టర్ మూసుకుపోతాయి.

డీజిల్ కలపడం మాత్రం అస్సలు వద్దు.

ఇప్పుడు పొగ సంగతి. ముందు కోసేటప్పుడు రాలే చెక్కపొట్టు చూడండి. చెయిన్ పదునుగా ఉంటే ముక్కలు ముక్కలుగా రాలుతుంది. పిండిలా వస్తుంటే పళ్లు మొద్దుబారాయి, ఎంత మంచి ఆయిల్ పోసినా పొగ ఆగదు. పదును బాగానే ఉంటే బార్ ముక్కుని ఒక అట్టముక్కకి ఒక అడుగు దూరంలో పట్టుకుని సగం యాక్సిలరేటర్‌లో 10-15 సెకన్లు తిప్పండి. అట్ట మీద ఆయిల్ గీత పడాలి. పడకపోతే ఇంజిన్ ఆపి, చల్లారాక బార్ విప్పి, గాడిలో ఇరుక్కున్న పొట్టుని సన్నటి రేకుతో గీకి, బార్ మొదట్లో ఉన్న చిన్న ఆయిల్ రంధ్రాన్ని తీగతో పొడవండి. తాటి, కొబ్బరి మొద్దుల పీచు సరిగ్గా ఇక్కడే కుక్కుకుంటుంది. వాటిని కోసే రోజు పెట్రోలు పోసే ప్రతిసారీ గాడి చూసుకోవడం మేలు.

అయినా రాలేదంటే ట్యాంకు లోపలి ఫిల్టర్ కడగండి. తర్వాత మూత కొంచెం వదులు చేసి మళ్లీ అట్ట పరీక్ష చేయండి. ఇప్పుడు గీత పడితే ట్యాంకు గాలి రంధ్రం మూసుకున్నట్టు. అప్పటికీ లేకపోతే క్లచ్ వెనక పంపుని తిప్పే చిన్న మరగేరు (స్క్రూలా మరలున్న గేరు) పోయి ఉంటుంది. చవక మిషన్లలో అది ప్లాస్టిక్‌ది, క్లచ్ వేడికి కరుగుతుంది. చెయిన్ బ్రేక్ వేసి ఉండగా యాక్సిలరేటర్ ఇస్తే ఇదే గతి.

రోజువారీ కొలత ఒకటుంది. ఈ సైజు మిషన్లలో సాధారణంగా పెట్రోలు ట్యాంకు 550 మి.లీ., ఆయిల్ ట్యాంకు 260 మి.లీ. ఉంటాయి. పెట్రోలు అయిపోయేసరికి ఆయిల్ అడుగున కొంచెం మిగలాలి. సగం మిగిలితే పంపు సరిగా పోయడం లేదు. ముందే ఖాళీ అయితే స్క్రూ తగ్గించండి. 22 అంగుళాల బార్‌కి ఎక్కువ వైపే ఉంచడం మంచిది. పెట్రోలు నింపిన ప్రతిసారీ ఆయిల్ కూడా నింపండి.

పెట్రోల్లో కలిపేది వేరే ఆయిల్, 2టి (టూ స్ట్రోక్ ఇంజిన్ ఆయిల్). రెండూ తారుమారు చేస్తే పిస్టన్ పట్టేస్తుంది. మీ మిషన్ పుస్తకంలో 25:1 అని ఉంటే లీటరుకి 40 మి.లీ., 40:1 అయితే 25 మి.లీ., 50:1 అయితే 20 మి.లీ. డబ్బా మీద జాసో ఎఫ్‌సి లేదా ఎఫ్‌డి (2టి ఆయిల్ నాణ్యత గుర్తులు) అని చూసి కొనండి. పడవ ఇంజిన్ల టిసి-డబ్ల్యూ3 వద్దు, అది నీళ్లతో చల్లబడే ఇంజిన్ల కోసం. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ ఉంటుంది, తేమ లాగుతుంది. కాబట్టి కలిపింది నెల దాటి దాచకండి.

మిషన్ పక్కన పెట్టాక తెల్లారేసరికి బార్ కింద చిన్న ఆయిల్ మరక కనిపిస్తే కంగారు పడొద్దు, చెయిన్‌కి పట్టి ఉన్నది కారుతుంది. ట్యాంకు సగం దిగిపోతేనే సీల్ చూపించండి.