పెద్ద హోర్డింగులు, ప్యానెళ్ల ప్రింటింగ్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది 10.5 అడుగుల వెడల్పు సాల్వెంట్ (ద్రావకం ఆవిరై ఆరే ఇంకు) ఫ్లెక్స్ మెషీన్. 40 x 20 అడుగుల హోర్డింగ్ వస్తే ఫైల్ తెరవడానికే కంప్యూటర్ మొరాయిస్తోంది. రిప్ (ఫైల్‌ను మెషీన్‌కు అర్థమయ్యే చుక్కలుగా మార్చే సాఫ్ట్‌వేర్ పని) పూర్తయి ప్రింట్ మొదలయ్యేసరికి పొద్దు గడిచిపోతోంది. కొత్త మెషీన్ తీసుకోమంటారా? (విజయవాడ పాఠకుడు)

జవాబు: ఇందులో మెషీన్ తప్పేమీ లేదు, ముందు ఫైల్ సంగతి చూడండి. 40 x 20 అడుగులను 72 డీపీఐలో (అంగుళానికి 72 చుక్కలు) చేస్తే 34,560 x 17,280 పిక్సెళ్లు అవుతాయి. సీఎంవైకేలో (ప్రింటింగ్‌కు వాడే నాలుగు రంగుల పద్ధతి) అది దాదాపు 2.4 జీబీ. ఫోటోషాప్‌లో 30,000 పిక్సెళ్లు దాటితే మామూలు పీఎస్‌డీగా సేవ్ కూడా కాదు. అదే 30 డీపీఐ అయితే 14,400 x 7,200 పిక్సెళ్లు, 415 ఎంబీతో పని అయిపోతుంది. రోడ్డు మీద యాభై అడుగుల దూరం నుంచి చూసేవాళ్లకు ఈ రెండిటికీ తేడా కనపడదు. షోరూం గుమ్మం పక్కన, మనిషి ఎత్తులో పెట్టే బోర్డుకు మాత్రం 30 చాలదు. దానికి కనీసం 100 పెట్టండి.

డిజైన్‌ను పదో వంతు సైజులో, అంటే 48 x 24 అంగుళాలకు 300 డీపీఐలో చేయించి, రిప్‌లో 1000 శాతానికి పెంచండి. పీడీఎఫ్ ఇచ్చేవాళ్లకు ఇదే దారి. మామూలు పీడీఎఫ్‌లో పేజీ 200 అంగుళాలు దాటదు, మీ హోర్డింగేమో 480 అంగుళాలు. నీడలు, ట్రాన్స్‌పరెన్సీలు రిప్‌కు వదిలేయకుండా డిజైనర్ దగ్గరే ఫ్లాటెన్ చేయించండి, అంటే అన్నీ ఒకే పొరగా కలిపించండి. కోరల్‌డ్రాలో అనూ (తెలుగు డిజైన్లకు వాడే) ఫాంట్లు వాడితే కంట్రోల్-క్యూ కొట్టి అక్షరాలను కర్వ్స్ (బొమ్మ గీతలు) చేశాకే ఫైల్ ప్రింటింగ్‌కు పంపాలి. రిప్ కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేకపోతే తెలుగు అక్షరాల చోట అర్థంలేని గుర్తులు పడతాయి. నలభై అడుగుల ఫ్లెక్స్ బయటికి వచ్చాక అది చూసి లాభం లేదు.

ప్రశ్న: హోర్డింగును ముక్కలుగా వేసిన రెండు ప్యానెళ్లు పక్కపక్కన పెడితే రంగు కలవడం లేదు, బొమ్మ కూడా అరంగుళం జరుగుతోంది. ఒక ప్యానెల్ మళ్లీ వేయాల్సి వస్తోంది. (వరంగల్ పాఠకుడు)

జవాబు: మీవి రెండు వేరు వేరు జబ్బులు. రంగుది ఒక కారణం, కొలతది ఇంకొకటి.

రంగు తేడాకు ఎక్కువసార్లు కారణం రోల్ మారడమే. ఒక బ్యాచ్ ఫ్లెక్స్ తెలుపు ఇంకో బ్యాచ్ తెలుపులా ఉండదు. ఒకే హోర్డింగ్ ప్యానెళ్లన్నీ ఒకే రోల్ మీద, వరుసగా, మధ్యలో వేరే పని దూర్చకుండా వేయండి. హీటర్లు ప్రింట్‌కు ఇరవై నిమిషాల ముందే ఆన్ చేయాలి. చల్లటి బెడ్ మీద మొదలైన ప్యానెల్‌కూ వేడెక్కాక వేసినదానికీ ఇంకు ఆరే తీరు మారిపోతుంది.

ఇంకోటి చాలామంది పట్టించుకోరు. మెషీన్ ఎడమ కొసలో పడే రంగు, కుడి కొసలో పడే రంగు అచ్చం ఒకటిగా ఉండవు. రెండు ప్యానెళ్లనూ ఒకే దిశలో వేస్తే ఒకదాని కుడి అంచు రెండోదాని ఎడమ అంచుతో కలుస్తుంది, తేడా సరిగ్గా జాయింటు దగ్గరే బయటపడుతుంది. రిప్‌లో రెండో ప్యానెల్‌ను 180 డిగ్రీలు తిప్పండి. అప్పుడు కలిసే అంచులు రెండూ మెషీన్ ఒకే వైపున పడతాయి. ఆకాశం, గోధుమరంగు గోడ, ముఖం చర్మం లాంటి లేత రంగుల బొమ్మల్లో ఇది బాగా తెలుస్తుంది.

ఇక కొలత. 5 మీటర్ల దూరంలో రెండు గీతలు వేయించి స్టీల్ టేపుతో కొలవండి, గుడ్డ టేపు సాగుతుంది. 5,006 మి.మీ. వచ్చిందనుకుందాం. తేడా 0.12 శాతమే, కానీ 40 అడుగుల పొడవులో అది 14.6 మి.మీ. అవుతుంది. రెండు ప్యానెళ్లూ ఒకేలా సాగితే బొమ్మ కలిసిపోతుంది. నిండు రోల్ మీద ఒకటి, రోల్ అయిపోయే దశలో ఇంకొకటి వేస్తేనే లాగుడు మారి అంచులు తప్పుతాయి. ఫీడ్ స్టెప్ (ఒక్కో విడతకు మెషీన్ ఫ్లెక్స్‌ను ముందుకు లాగే కొలత) సరిచేసేటప్పుడు పాస్‌ల (హెడ్ ఒక్కో విడతలో వేసే పట్టీల) మధ్య కూడా చూడండి. నల్ల గీతలు పడితే ఫీడ్ తక్కువ, తెల్ల గీతలు పడితే ఎక్కువ.

ప్రతి ప్యానెల్‌కూ ముందు నాజిల్ చెక్ (ఇంకు రంధ్రాలన్నీ పనిచేస్తున్నాయో చూసే చిన్న ప్రింట్) తప్పనిసరి. నిమిషం పని. ఇంకు కూడా అప్పుడే నింపుకోండి. ప్యానెల్ మధ్యలో మెషీన్ ఆపి మళ్లీ నడిపిస్తే ఆగిన చోట అడ్డగీత పడుతుంది, దాన్ని కప్పే ఉపాయం లేదు.

ప్రశ్న: 40 x 20 సైజుకు నిలువు ప్యానెళ్లు నాలుగు వేయాలా, అడ్డంగా రెండా? (కర్నూలు పాఠకుడు)

జవాబు: ఫీడ్ సరిగ్గా ఉంటే అడ్డంగా రెండే వేయండి. నిలువుగా నాలుగు వేస్తే ఇరవై అడుగుల జాయింట్లు మూడు, మొత్తం 60 అడుగులు అతకాలి. అడ్డంగా వేస్తే 40 అడుగుల జాయింటు ఒక్కటే. వెల్డింగ్ పనిలో మూడో వంతు తగ్గుతుంది. అయితే వెడల్పు లెక్క ముందే వేసుకోండి. 10 అడుగులకు ఓవర్‌ల్యాప్ అంగుళంన్నర, ఫ్రేమ్ మడతకు 3 అంగుళాలు కలిపితే 124.5 అంగుళాలు. 10.5 అడుగుల రోల్ 126 అంగుళాలు. మిగిలేది అంగుళంన్నరే కాబట్టి రోల్ వంకరగా ఎక్కితే అంచు తెగిపోతుంది. అతికేటప్పుడు పై ప్యానెల్ అంచు కిందిదాని మీదికి రావాలి, ఇంటి పెంకుల్లాగ. తిరగేసి అతికితే వాన నీరు జాయింటులోకి దిగి ఊడదీస్తుంది.

జాయింటు సరిగ్గా సగంలోనే రావాలని నియమం లేదు. మనిషి కళ్ల మీదుగానో, ఫోన్ నంబరు మీదుగానో వెళ్తుంటే కాస్త పైకో కిందికో జరపండి. రోల్‌లో ఉన్న ఆ అంగుళంన్నరలో పట్టనంత జరగాల్సి వస్తే నిలువు ప్యానెళ్లకే వెళ్లండి. ప్రతి ప్యానెల్ తెల్ల అంచులో పని పేరు, “2లో 1”, పై వైపు బాణం గుర్తు ప్రింట్ చేయించండి. రాత్రిపూట నిచ్చెన మీద ఉన్నవాళ్లు ఏది పైనో ఫోన్ చేసి అడగక్కర్లేదు.

ప్రశ్న: షాపు లోపలి గోడకు వినైల్ ప్యానెళ్లు లామినేట్ చేసి అంటించాం. రెండు రోజుల్లో అంచులు లేచాయి. (కర్నూలు పాఠకుడే)

జవాబు: ఇంకులోని సాల్వెంట్ బయటికి పోకముందే లామినేషన్ వేసి ఉంటారు. ఇరుక్కున్న ఆవిరి జిగురును మెత్తబరుస్తుంది, వినైల్ చుట్టుకుపోతుంది. పైకి ఆరినట్టు కనిపించినా కనీసం 24 గంటలు ఆగాలి. బిగుతుగా చుట్టి పెడితే ఆ 24 గంటలూ వృథా. వదులుగా చుట్టి నిలబెట్టండి, లేదా వేలాడదీయండి. సాయంత్రం ప్రింట్ చేసి మర్నాడు సాయంత్రం లామినేట్ చేసేలా పనులు అమర్చుకుంటే మెషీనూ ఖాళీగా ఉండదు. అంత సమయం లేదని కస్టమర్ అంటే యూవీ ప్రింట్‌కు (అతినీలలోహిత కాంతితో ఇంకు అప్పటికప్పుడే గట్టిపడేది) పంపండి, దానికి ఈ ఆరబెట్టడం అక్కర్లేదు.