సీలు పదిలం, సరుకు మాయం: కంటైనర్ తాళాలపై మీ ప్రశ్నలు

ఎలక్ట్రానిక్ సీళ్లు, జీపీఎస్ తాళాల గురించి ఎక్కువమంది అడిగిన ప్రశ్నలకు ఈసారి జవాబులు. ఒకే రకం ప్రశ్నలను కలిపేశాం.

రొయ్యల కంటైనర్‌కి ఆర్‌ఎఫ్‌ఐడీ ఈ-సీల్ వేసి పోర్టుకు పంపుతున్నాం. దారిలో ఎవరైనా తలుపు తెరిస్తే ఎన్ని గంటలకు తెరిచారో సీలులో నమోదవుతుందా?
– భీమవరం నుంచి ఒక పాఠకుడు

నమోదు కాదు. సెల్ఫ్ సీలింగ్ (ఎగుమతిదారే సీలు వేసుకునే పద్ధతి) కోసం 2017లో కస్టమ్స్ తెచ్చిన ఈ-సీల్‌లో బ్యాటరీ ఉండదు, గడియారమూ ఉండదు. మీ లారీ అద్దానికి అంటించిన ఫాస్టాగ్ ఏ జాతిదో ఇదీ ఆ జాతిదే. రీడర్ వదిలే రేడియో తరంగం నుంచే కాస్త కరెంటు లాక్కుని, తన నంబరు చెప్పి ఊరుకుంటుంది. సీలుగా వేసే బోల్టు దిగినచోట ఒక సన్నటి సర్క్యూట్ ఉంటుంది. బోల్టు కోస్తే అది తెగుతుంది. ఆ తర్వాత రీడర్ పిలిచినా పలకదు. కొన్ని రకాలైతే పలికి, ‘తెగిపోయాను’ అని చెబుతాయి. ఎప్పుడు తెగిందో మాత్రం దానికే తెలియదు.

మరి సీలు వివరాలు నింపే పోర్టల్‌లో టైము కనిపిస్తోంది కదా అంటారా? ఆ టైములు రెండే. ఒకటి సీలు వేశాక మీవాళ్లు టైపు చేసింది, రెండోది పోర్టు గేటు దగ్గర రీడర్ చదివింది. ఈ రెంటి మధ్య ఎక్కడో తెగింది అనడం వరకే ఈ-సీల్ పని. మీవాళ్లు లారీ కదిలాక తీరిగ్గా టైము నింపుతుంటే, ఆ మొదటి టైము కూడా అబద్ధమే.

మీది రీఫర్ (సరుకును చల్లగా ఉంచే కంటైనర్) కాబట్టి మీకు ఇంకో సాక్షి ఉంది. రీఫర్ యంత్రంలోని కంట్రోలర్ లోపలికి తిరిగొచ్చే గాలి ఉష్ణోగ్రతను దాచుకుంటూ ఉంటుంది. మైనస్ 18 దగ్గర నడుస్తున్న పెట్టె తలుపు తెరిస్తే ఆ ఉష్ణోగ్రత గీత పైకి లేస్తుంది. డీఫ్రాస్ట్ (పేరుకున్న మంచును కరిగించడం) అప్పుడూ లేస్తుంది గానీ, లాగ్‌లో పక్కనే డీఫ్రాస్ట్ అని గుర్తు పడుతుంది. ఆ గుర్తు లేకుండా గీత లేచిందంటే నిలదీయాల్సిందే. ఇందులోనూ రెండు లొసుగులున్నాయి. చాలా కంట్రోలర్లు గంటకొకసారే రాస్తాయి, పది నిమిషాల్లో మూసేస్తే దొరక్కపోవచ్చు. దారిలో జెన్‌సెట్ (రీఫర్‌కు కరెంటిచ్చే జనరేటర్) ఆపేస్తే లాగ్‌లో ఖాళీ వస్తుంది. ఆ ఖాళీ ఎందుకొచ్చిందో డ్రైవర్‌ను అడిగి రాయించుకోండి. టైముతో సహా కావాలంటే మాత్రం బ్యాటరీ, గడియారం ఉన్న తాళమే కొనాలి. దాని సంగతి కింద ఉంది.

మిర్చి కంటైనర్‌లో 25 కిలోల బస్తాలు 38 తగ్గాయని అవతలి దేశం నుంచి మెయిల్ వచ్చింది. సీలు మాత్రం మేము వేసిందే, చెక్కు చెదరలేదట. ఇది ఎలా సాధ్యం?
– గుంటూరు నుంచి ఒక పాఠకుడు

సీలును ముట్టుకోకుండానే తలుపు తీస్తారు. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 17712 ప్రకారం ‘హెచ్’ తరగతి బోల్టు సీలు 10 కిలోన్యూటన్ల లాగుడుకు, అంటే సుమారు టన్ను బరువు వేలాడదీసినా తట్టుకోవాలి. ఇంత గట్టి బోల్టుతో కుస్తీ ఎందుకని దొంగలు దాన్ని పట్టుకున్న హ్యాండిల్ మీద పడతారు. హ్యాండిల్‌ను నిలువు రాడ్డుకు కలిపే రివెట్‌ను తొలిచేస్తే హ్యాండిల్, సీలు కలిసే పక్కకు వస్తాయి. రాడ్డు తిరుగుతుంది, తలుపు తెరుచుకుంటుంది. పని అయ్యాక నకిలీ రివెట్ బిగించి, రంగు పూసి పంపేస్తారు. ఈ-సీల్ ఐతే పోర్టులో ‘అంతా బాగుంది’ అని పలుకుతుంది కూడా. దాని దృష్టిలో అది నిజమే మరి.

తలుపులకు ఎదురుగా నిలబడి చూడండి. కుడి తలుపు ఆఖర్న మూసుకుని ఎడమదాని అంచు మీద ఎక్కుతుంది. అందుకే సీలు కుడి తలుపుకే, అందులోనూ మధ్యకు దగ్గరగా ఉన్న రాడ్డు హ్యాండిల్‌కే వేయాలి. ఎడమ తలుపుకు వేసిన సీలు వేయనట్టే లెక్క. కుడిది తీసి సగం సరుకు దింపుకోవచ్చు.

లోడింగ్‌కు ముందే, ఖాళీ పెట్టె వచ్చినప్పుడే చేయాల్సిన పని ఒకటుంది. ప్రతి రివెట్ తలను బొటనవేలి గోరుతో గీకండి. పాత రంగు పొరలు పొరలుగా ఉంటే ఫర్వాలేదు. మెత్తగా పొడిలా రాలితే అది ఇనుము కాదు, పూత. నాలుగు రివెట్లు తుప్పు రంగులో ఉండి ఒక్కటే మెరుస్తుంటే ఆ పెట్టెను వెనక్కి పంపండి. హ్యాండిల్ పట్టుకుని పైకీ కిందికీ ఊపండి, రాడ్డు దగ్గర లొడలొడలాడకూడదు. హ్యాండిళ్లు, రివెట్లు సీలుతో సహా కనిపించేలా దగ్గరి ఫొటోలు తీసి పెట్టుకోండి. సీలు నంబరు ఒక్కటే కనిపించే ఫొటో తర్వాత దేనికీ పనికిరాదు. అదనంగా రెండు తలుపుల మధ్య రాడ్లనూ కలిపి ఒక కేబుల్ సీలు బిగుతుగా చుట్టండి. అప్పుడు రివెట్ తీసినా తలుపులు విడివడవు.

ఇక జరిగిపోయిన ఈ నష్టం ఎక్కడ జరిగిందో బరువును బట్టి పట్టుకోవచ్చు. 38 బస్తాలంటే 950 కిలోలు. ఫ్యాక్టరీ దగ్గరి వేబ్రిడ్జి చీటీ, పోర్టు దగ్గరి చీటీ పక్కపక్కన పెట్టండి. మధ్యలో కాలిన డీజిల్‌ను తీసేయండి, 300 లీటర్లు కాలినా పాతిక తక్కువ మూడొందల కిలోలు దాటదు. అంతకు మించి తేడా ఉంటే పని రోడ్డు మీదే జరిగింది. తేడా లేదంటే నౌక ఎక్కాకో, అవతలి రేవులోనో జరిగింది. 2016 జూలై నుంచి ప్రతి ఎగుమతి పెట్టెకూ వీజీఎం (ధ్రువీకరించిన మొత్తం బరువు) ఇస్తున్నారు కదా, అది చాలదా అని కొందరు అంటారు. నింపిన పెట్టెను తూకం వేసి ఇచ్చిన వీజీఎం ఐతే పనికొస్తుంది. బస్తాల లెక్క, పెట్టె ఖాళీ బరువు కూడి రాసిన రెండో పద్ధతిదైతే ఎందుకూ కొరగాదు. పోయిన బస్తాలు కూడా అందులో ఉన్నట్టే ఉంటాయి.

పోర్టులో మా ఈ-సీల్‌ను రీడర్ చదవలేదు. సీలు బాగానే ఉంది. తప్పు ఎక్కడ?
– నెల్లూరు నుంచి ఒక పాఠకురాలు

ఎక్కువగా రెండు చోట్ల. మొదటిది, బోల్టు పూర్తిగా దిగకపోవడం. టక్కుమని శబ్దం వచ్చేదాకా నొక్కి, తర్వాత కింది ముక్కను పట్టుకుని గట్టిగా లాగి, మెలితిప్పి చూడాలి. లోపలి సర్క్యూట్ కలవకపోతే సీలు పుట్టుకతోనే మూగది. రెండోది, ట్యాగ్ ఉన్న వైపు తలుపు రేకుకు ఆనుకోవడం. ఇనుము రేడియో తరంగాన్ని చెడగొడుతుంది. ట్యాగ్ ముఖం బయటికి ఉండేలా తిప్పి పెట్టండి. ఫోన్ ఆనించి పరీక్షిద్దామని చూడకండి. ఫోన్‌లోని ఎన్‌ఎఫ్‌సీ 13.56 మెగాహెర్ట్జ్‌లో, ఈ-సీల్ 860–960 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి. ఒకటి పిలిస్తే రెండోదానికి వినపడదు. నెలకు పది పెట్టెలు దాటేవారు ఒక హ్యాండ్‌హెల్డ్ రీడర్ పెట్టుకోవడం మేలు.

సీలును చదివినా వివరాలు కలవని సందర్భాలూ ఉన్నాయి. ఐఈసీ (ఎగుమతి దిగుమతి కోడ్), షిప్పింగ్ బిల్ నంబరు, తేదీ, సీలు నంబరు, సీలు వేసిన తేదీ, టైము, కస్టమ్స్ స్టేషన్, కంటైనర్ నంబరు, ట్రైలర్ నంబరు నింపాలి. వీటిలో చేయి జారేది కంటైనర్ నంబరు దగ్గరే. దాని చివరి అంకె తనిఖీ అంకె. దాంతో మీరే తప్పు పట్టుకోవచ్చు. ఉదాహరణకు సీఎస్‌క్యూయూ 305438, చివర 3. అక్షరాలకు విలువలున్నాయి. ‘ఏ’ అంటే 10, ‘బీ’ అంటే 12, అలా 11, 22, 33లను వదిలేస్తూ పోవాలి. ఆ లెక్కన ఇక్కడ 13, 30, 28, 32. ఈ నాలుగింటినీ, తర్వాతి ఆరు అంకెలనూ వరసగా 1, 2, 4, 8, 16, 32, 64, 128, 256, 512లతో గుణించి కూడితే 6185. దాన్ని 11తో భాగిస్తే మిగిలేది 3. శేషం 10 వస్తే 0గా తీసుకోవాలి. ఈ లెక్కను ఎక్సెల్‌లో ఒకసారి పెట్టుకుంటే చాలు.

మా ట్రైలర్‌కి జీపీఎస్ తాళం వేశాం. రిపోర్టులో ‘రోప్ కట్ 21:12’ అని ఉంది. ఆ టైముకు బండి మా యార్డులోనే ఉంది! మాకు మెసేజ్ వచ్చింది తెల్లారి 5:50కి. ఏది నమ్మాలి?
– విజయవాడ నుంచి ఒక పాఠకుడు

రెండూ నిజం కావచ్చు. ‘రోప్ కట్’ అంటే తలుపుకు బిగించిన తాళం తీగ తెగిందని. ముందు ఆ 21:12 ఏ టైమో అడగండి. చాలా తాళాలు ఉపగ్రహాల నుంచి తీసుకునే యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) టైమునే రాస్తాయి. మన టైము దానికి ఐదున్నర గంటలు ముందుంటుంది. అంటే తెగింది రాత్రి 9:12కి కాదు, తెల్లవారుజామున 2:42కి. ఆ టైముకు బండి ఎక్కడుందో చూడండి.

ఇక 2:42కి తెగితే కబురు 5:50కి రావడమేమిటి? మూడు గంటల ఎనిమిది నిమిషాల ఆలస్యం. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు. ఇలాంటి తాళం ప్రతి సంఘటననూ ముందు తన మెమరీలో రాసుకుంటుంది. సిగ్నల్ దొరికాక పంపుతుంది. కాబట్టి రిపోర్టులో సంఘటన టైము, సర్వర్‌కు చేరిన టైము రెండు వేర్వేరు గళ్లలో ఉండాలి. ఒకటే గడి చూపించే కంపెనీతో ఒప్పందం చేసుకోకండి.

ఆ మూడు గంటల్లో మెమరీలో పడిన పాయింట్లు (ఏ టైముకు ఎక్కడుందన్న నమోదులు) చూస్తే మిగతా కథ తెలుస్తుంది. జీపీఎస్ స్థానాలు సక్రమంగా ఉండి, సిమ్ సిగ్నల్ మాత్రమే లేదంటే బండి సిగ్నల్ అందని చోట ఉండొచ్చు. స్థానం, సిగ్నల్ రెండూ ఒకే నిమిషంలో పోయి, ఒకే నిమిషంలో తిరిగొచ్చాయంటే, ఆ చోటు పైకప్పు లేని రోడ్డు ఐతే, జామర్ (సిగ్నళ్లను అడ్డుకునే పరికరం) పెట్టారని అనుమానించాలి. గోదాము షెడ్డులోకి దూరినా ఇలాగే కనిపిస్తుంది. అదీ అడగాల్సిన విషయమే కదా, దారిలో షెడ్డులోకి ఎందుకు వెళ్లింది?

బ్యాటరీ మిగులుతుందని పది నిమిషాల పింగ్‌ను (తాళం తన స్థానం చెప్పే మెసేజ్‌ను) రెండు గంటలకు మార్చామని కూడా రాశారు. రోజుకు 144 మెసేజ్‌లు 12కు తగ్గుతాయి, బ్యాటరీ బాగానే మిగులుతుంది. తెగిన కబురుకు పింగ్‌తో పనిలేదు, సిగ్నల్ ఉంటే వెంటనే వస్తుంది. కానీ స్థానం, సిగ్నల్ ఎప్పుడు పోయాయో పోల్చడానికి పాయింట్లు చాలవు. రాత్రిపూట పది నిమిషాలు, పగలు అరగంట పెట్టుకోండి. ఇంకోటి. రివెట్ తొలిస్తే ఈ తాళమూ మోసపోతుంది, ఎందుకంటే దాని రోప్ తెగదు. దానికి విరుగుడు పెట్టెలోపల పెట్టే లైట్ సెన్సర్ లాగర్. తలుపు తెరిస్తే పడే వెలుతురును టైముతో రాసుకుంటుంది. ఇనుప పెట్టెలోంచి సిగ్నల్ సరిగా బయటికి పోదు కాబట్టి అది వెంటనే చెప్పకపోవచ్చు. తలుపు పై అంచుకు దగ్గరగా, బస్తాలు కప్పెయ్యని చోట పెట్టాలి. దాన్ని పెట్టిన సంగతి లోడింగ్ మేస్త్రికీ డ్రైవర్‌కీ చెప్పకండి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఈ వంద గ్రాముల డబ్బా అప్పుడప్పుడూ పడుతుంది.

దారిలో జీఎస్టీ అధికారులు ఆపి సీలు కోయించారు. డ్రైవర్ ఏం చేయాలి?
– ఒంగోలు నుంచి ఒక పాఠకుడు

కోసే ముందు ఫోన్‌లో వీడియో తీయనివ్వమని అడగాలి. సరుకు తనిఖీకి ఉత్తర్వు ఎంఓవీ-02 అనే జీఎస్టీ ఫారం, తనిఖీ అయ్యాక ఇచ్చే నివేదిక ఎంఓవీ-04. ఈ రెండోదాని నకలు లేకుండా డ్రైవర్ అక్కడినుంచి కదలకూడదు. పాత సీలు నంబరు, కొత్తగా వేసిన సీలు నంబరు రాసి అధికారి చేత సంతకం పెట్టించుకుంటే ఇంకా మంచిది. తెగిన బోల్టు రెండు ముక్కలూ కవర్లో వేసి బండిలో ఉంచాలి. వెంటనే మీ కస్టమ్స్ బ్రోకర్‌కు చెప్పండి. సీలు చెదిరిన పెట్టెను పోర్టులో కస్టమ్స్ తప్పనిసరిగా తెరిచి పరిశీలిస్తుంది, అది తప్పించుకోలేరు. ఒక రోజు పోతుందని పోర్టల్‌లో పాత నంబరునే ఉంచి నడిపించేద్దామని చూసేవాళ్లున్నారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

విశాఖ పోర్టు నుంచి నేపాల్ వెళ్లే కంటైనర్లకు చేతి మందాన పెద్ద తాళాలు కనిపిస్తున్నాయి. అవేమిటి?
– విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు

అవి ఎలక్ట్రానిక్ కార్గో ట్రాకింగ్ తాళాలు. నేపాల్‌కు సముద్రం లేదు కాబట్టి దాని దిగుమతులు కోల్‌కతా, హల్దియా, విశాఖ రేవుల్లో దిగి మన దేశం మీదుగా వెళ్తాయి. దారిలో సరుకు ఇక్కడే అమ్ముడుపోతే మనకు సుంకం పోతుంది. ఆ భయంతోనే కాగితాలు, సరిహద్దులో సీలు తనిఖీలు ఎక్కువగా ఉండేవి. 2019లో వచ్చిన నిబంధనల ప్రకారం ఈ తాళం వేసిన పెట్టె దారి పొడవునా తెర మీద కనిపిస్తుంది. దారి తప్పినా, తాళాన్ని కెలికినా హెచ్చరిక వస్తుంది. బోల్టు సీలులా ఒకసారి వాడి పారేసేది కాదు, తీసి మళ్లీ మళ్లీ వాడతారు.

తాళం లాగ్‌ను కోర్టులో, ఇన్సూరెన్స్‌లో సాక్ష్యంగా ఒప్పుకుంటారా?
– హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు

కోర్టులో ఐతే ప్రింటు తీసి జత చేస్తే చాలదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద ధ్రువపత్రం కావాలి. అందులో ‘ఏ’ భాగం వివరాలిచ్చే పక్షం, ‘బీ’ భాగం నిపుణుడు నింపాలి. ఫైలు హ్యాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి కోడ్) కూడా రాయాలి. కాబట్టి గొడవ మొదలైన రోజునే కంపెనీ నుంచి అసలు ఫైలు తెప్పించుకుని, హ్యాష్ తీయించి పెట్టండి. ఎక్సెల్‌లో తెరిచి, గళ్లు సర్ది సేవ్ చేస్తే హ్యాష్ మారిపోతుంది. అసలు ఫైలును ముట్టుకోకుండా నకలు మీదే పనిచేయండి. ఇన్సూరెన్స్ విషయంలో, సీలు నంబరు తేడాగా కనిపిస్తే సర్వేయర్ వచ్చేదాకా మీరు కోయకండి. కోశాక ఎంత మంచి లాగ్ చూపించినా ‘మీరే తెరిచారు’ అంటారు.