‘మాత్ర వేసుకున్నారా’ అని అడిగితే చాలు, వేసుకోబుద్ధి కావడం లేదు!

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. ఏడాదిగా బీపీ మాత్ర వాడుతున్నాను. అది అవసరమని నాకూ తెలుసు. కానీ ‘మాత్ర వేసుకున్నారా’ అని మా ఆవిడ అడగ్గానే ఎక్కడలేని మొండితనం వచ్చేస్తోంది. వేసుకుందామని లేచినవాణ్ని కూడా కావాలనే మానేస్తున్నాను. తర్వాత బాధేస్తుంది. ఇది మానసిక జబ్బా?

జవాబు: జబ్బు కాదండీ. మాత్ర మర్చిపోయామని చెప్పేవాళ్లే తప్ప, ఇలా ఉన్నదున్నట్టు చెప్పేవాళ్లు తక్కువ. మీరు చెప్పారు కాబట్టి దారి దొరుకుతుంది.

మన ఇష్టానికి వదలాల్సిన విషయంలో ఇంకొకరు పెత్తనం చేస్తున్నారనిపిస్తే, దాన్ని తిరిగి లాక్కోవాలన్న పంతం పుడుతుంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జాక్ బ్రెమ్ 1966లో దీన్ని ‘రియాక్టెన్స్’ పేరుతో వివరించారు. ఒత్తిడి చేసిన కొద్దీ ఇదీ ముదురుతుంది. ఎదుటివాళ్లు చెప్పేది మన మేలుకేనని తెలిసినా ఆగదు. అయితే ఒక్కటి గమనించండి. పంతానికి మాత్ర మానేసిన రోజు కూడా మీరు సొంతంగా నిర్ణయం తీసుకోలేదు. ఆమె అడిగారు కాబట్టే మానేశారు.

అందుకే ఈ పనిని పూర్తిగా మీ చేతిలోకి తీసుకోండి. డాక్టర్‌ను అడిగి మీకు వీలైన వేళ మీరే పెట్టుకోండి. వారానికి సరిపడా మాత్రలు డబ్బాలో మీరే సర్దుకోండి. బీపీ చూసుకుని మీరే రాసుకోండి. ‘ఇక రోజూ అడగకు, వారానికోసారి నేనే చూపిస్తాను’ అని మీ ఆవిడతో ప్రశాంతంగా ఉన్నప్పుడు చెప్పండి. ఆమె అడిగేది భయంతోనే కదా, అంకెలు కనిపిస్తే ఆ టెన్షన్ కూడా తగ్గుతుంది. అసలు ఈ మాత్ర నాకెందుకు అన్న ప్రశ్నకు జవాబు మీ మాటల్లో రాసుకోండి. మద్యం మాన్పించడానికి మనస్తత్వ శాస్త్రవేత్త విలియం మిల్లర్ 1983లో ప్రతిపాదించిన ‘మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్’లో జరిగేదీ ఇదే. డాక్టర్ నచ్చజెప్పరు, కారణాలు పేషెంట్ నోటి నుంచే వచ్చేలా చూస్తారు.

ఇంకో అనుమానం కూడా ఉంది. మాత్ర పడకపోయినా ఇలా విముఖత రావచ్చు. ఆమ్లోడిపిన్‌తో కొందరికి పాదాలు వాస్తాయి, రామిప్రిల్ లాంటి వాటితో పొడిదగ్గు వస్తుంది. అలాంటిదేమైనా ఉంటే డాక్టర్‌కు చెప్పండి, మందు మారుస్తారు. మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ల వంటివి ఉన్నట్టుండి మానేస్తే బీపీ, గుండె వేగం బాగా పెరిగే ప్రమాదం ఉంది.

ఈ చిరాకు మీ ఆవిడ మీదే కాకుండా అందరి మీదా వస్తున్నా, రెండు వారాలకు పైగా నిద్ర పట్టకుండా, దేని మీదా ఆసక్తి లేకుండా ఉన్నా ఒకసారి సైకియాట్రిస్ట్‌ను కలవండి.