ఒక్క పార్కు, ఒక్క రోజు: డోన్‌లో ఉన్న అమ్మాయికి పెద్దమ్మ లేఖ

కర్నూలు

చి.ల.సౌ. అమ్మాయికి, పెద్దమ్మ దీవించి రాసేది.

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు పిల్లల గోలలో సగమే చెప్పగలిగాను. మిగతాది రాసి పంపిస్తున్నాను. నిదానంగా చదువు, అల్లుడికి కూడా చదివి వినిపించు.

దసరా సెలవుల్లో రెండు రోజులు హైదరాబాద్ పోవాలి, వండర్లా ఆటల పార్కు చూడాలి, రామోజీ ఫిల్మ్ సిటీ చూడాలి, వీలైతే మంచు ఆటల స్నో వరల్డ్, చార్మినార్ కూడా, మొత్తం పదిహేను వేలు దాటకూడదు అన్నావు. పదిహేను వేలు తక్కువేం కాదమ్మా, సరిపోతాయి. సరిపోనిది ఆ జాబితా. వండర్లా ఊరికి దక్షిణంగా రావిర్యాల దగ్గర, ఔటర్ రింగు రోడ్డు పక్కన ఉంది. ఫిల్మ్ సిటీ ఏమో విజయవాడ రోడ్డులో హయత్‌నగర్ దాటిన తర్వాత. స్నో వరల్డ్ ఊరి నడిబొడ్డున, ట్యాంక్‌బండ్ కింద. ఈ మూడూ తిరగాలంటే మీ రెండు రోజుల్లో సగం క్యాబుల్లోనే అయిపోతుంది. డబ్బు కూడా అక్కడే పోతుంది. మూడు చోట్లా టికెట్ కొని, ఏ ఒక్క చోటా తనివితీరా చూడకుండా వస్తారు. ఒక్క పార్కు పెట్టుకో. దానికి పొద్దున తలుపులు తీసినప్పటి నుంచి సాయంత్రం మూసేదాకా ఒక రోజంతా ఇవ్వు.

ఇది నేను అనుభవించి చెబుతున్న మాట. మీ అన్నలు చిన్నగా ఉన్నప్పుడు మే నెలలో, అదీ ఆదివారం, నేనూ మీ పెదనాన్నా వాళ్లను హైదరాబాద్ తీసుకుపోయాం. ఎలాగూ వచ్చాం కదా అని పొద్దున్నే సాలార్‌జంగ్ మ్యూజియం, తర్వాత చార్మినార్, ఆ తర్వాత అప్పటి ఒక పార్కు. మేం పార్కు గేటు దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర. టికెట్ మాత్రం పూర్తిదే. నాలుగు ఆటలకు వరుసలో నిలబడేసరికి నీళ్ల ఆటల వేళ అయిపోయింది. చిన్నోడు ఎండకు సొమ్మసిల్లినట్టై నా భుజం మీదే నిద్రపోయాడు. వాణ్ణి మోసుకుంటూ బస్టాండుకు వచ్చాక చూసుకుంటే, టికెట్లకు పోను మిగిలింది బిస్కెట్ల డబ్బే. వాడికి ఇప్పుడు ముప్పై దాటాయి, ఆ రోజు గురించి అడిగితే బస్సులో ఆకలేసిందని మాత్రమే చెబుతాడు. నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. తర్వాత బడి నుంచి విహారయాత్రలకు పిల్లలను తీసుకుపోయిన ప్రతిసారీ ఆ రోజే గుర్తుపెట్టుకుని లెక్క వేసేదాన్ని.

వండర్లానా, ఫిల్మ్ సిటీనా అనేది మీ అత్తమ్మ వస్తుందా రాదా అన్నదాన్ని బట్టి తేల్చు. ఫిల్మ్ సిటీలో బస్సులో కూర్చోబెట్టి సెట్టింగులు తిప్పి చూపిస్తారు, ఆటలు పాటలు ఉంటాయి, పెద్దవాళ్లకు కాలక్షేపం. కానీ మీ పిల్లలు అడుగుతున్నది ఎక్కి తిరిగే ఆటలూ నీళ్లూ. పదకొండేళ్ల పిల్లాడికి సినిమా సెట్టింగులు గంటలో విసుగు పుడతాయి. నా ఓటు వండర్లాకే. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులని ఆవిడను అడక్కుండా వదిలేయకు, ముందు అడుగు. వస్తానంటే తీసుకుపో. 60 ఏళ్లు దాటినవాళ్లకు టికెట్‌లో రాయితీ ఉంటుంది, అసలు ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోవాలి. బీపీ, గుండె జబ్బు, వెన్ను నొప్పి ఉన్నవాళ్లు పెద్ద రైడ్లు ఎక్కకూడదు. ఆవిడకు నీడలో కూర్చునే చోటు, సంచులు చూసుకునే పని, పాపతో పాటు మెల్లగా తిరిగే ఒకటి రెండు ఆటలు చాలు.

టికెట్ సంగతి జాగ్రత్తగా చూడు. వండర్లాలో పిల్లల టికెట్ వయసును బట్టి ఉండదు, ఎత్తును బట్టి ఉంటుంది. 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకు టికెట్ లేదు, 85 నుంచి 140 దాకా పిల్లల టికెట్, ఆపైన పెద్దల టికెట్. పాపకు ఆరేళ్లు కాబట్టి ఇబ్బంది లేదు. పెద్దోడు గీత దగ్గర ఉంటాడు. చెప్పులు లేకుండా గోడకు నిలబెట్టి, తల మీద స్కేలు అడ్డంగా పెట్టి కొలువు. గేటు దగ్గర కొలిచి "ఇది పెద్ద టికెట్" అంటే వాడి ముందు వాదన పడటం బాగుండదు. ఈ కొలతకు ఇంకో సంగతి ముడిపడి ఉంది. పెద్ద పెద్ద రైడ్లలో చాలావాటికి 140 ఉంటేనే ఎక్కనిస్తారు. వాడు 137 ఉన్నాడనుకో, టికెట్‌లో నీకు కొంత మిగులుతుంది, కానీ వాడు ఫోన్లో వీడియోలు చూసి కలలు కంటున్న ఆ తలకిందుల రైడు దక్కదు. ఆ మాట ఇంట్లోనే చెప్పేయి. అక్కడ వరుసలో గంట నిలబడ్డాక వెనక్కి పంపిస్తే పిల్లాడు రోజంతా ముఖం ముడుచుకుంటాడు. అవసరమైతే ఆరు నెలలు ఆగి వేసవిలో పొండి, పొడుగవుతాడు.

టికెట్లు పార్కు సొంత వెబ్‌సైట్‌లోనే, ముందుగా కొను. మామూలు రోజులకూ శని, ఆదివారాలకూ ధర తేడా ఉంటుంది, పండగ సెలవులకు ఇంకా ఎక్కువ. టికెట్ మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది, మొదట కనిపించే ధరలో అది కలిసి ఉందో లేదో చివరి పేజీ దాకా పోయి చూసుకున్నాకే బడ్జెట్ రాసుకో. భోజనం కలిపి అమ్మే టికెట్లు కూడా ఉంటాయి. బయటి తిండి లోపలికి రానివ్వరు కనుక అది మీకు కలిసొచ్చేదే, కానీ పాపకు మాత్రం తీసుకోకు, అది తినేది గుప్పెడు. పది, ఇంటర్ పరీక్షలు రాసిన మన పిల్లలెవరైనా మీతో వస్తే, అలాంటివాళ్లకు హాల్ టికెట్ చూపిస్తే వేసవిలో రాయితీ ప్రకటిస్తుంటారు, అప్పుడు అడిగి చూడు.

దసరా సెలవుల్లో పోవద్దు. మనకు సెలవులంటే అక్కడా సెలవులే. ధర ఎక్కువ, జనం ఎక్కువ, ఒక్కో రైడుకు గంట వరుస. బోనాలకూ సంక్రాంతికీ అంతే. పంతులమ్మగా బతుకంతా పిల్లల హాజరు పట్టించుకున్నదాన్ని, అయినా చెబుతున్నాను: పరీక్షలు అయిపోయిన వారంలో మంగళవారమో బుధవారమో చూసుకుని, క్లాస్ టీచరుకు నిజం చెప్పి సెలవు చీటీ రాయించి పొండి. ఒక్క రోజు బడి పోతే నష్టం లేదు. జూలై, ఆగస్టులో జనం పలచగా ఉంటారు కానీ వాన, ఉరుములు వస్తే రైడ్లు ఆపేస్తారు. వేసవి సెలవులు అయిపోయి, బడులు తెరిచిన జూన్ చివరి వారాలు నాకు మంచివనిపిస్తాయి.

ఇక ప్రయాణం. అల్లుడు కారు బాడుగకు మాట్లాడతానన్నాడట. రెండు రోజుల బాడుగ, డ్రైవర్ బత్తా, మన బండి తెలంగాణలోకి పోయేందుకు పర్మిట్, కర్నూలు దాటితే పుల్లూరు, శాఖాపూర్, రాయికల్ టోల్‌గేట్లు, ఔటర్ మీద వేరే టోలు. ఇవన్నీ కలిపితే తడిసి మోపెడవుతుంది. సొంత కారున్న స్నేహితుడు ఇస్తానన్నాడంటే అది వేరు. డోన్ నుంచి పోయి రావడానికి, అక్కడ తిరగడానికి 580 కిలోమీటర్లు వేసుకో, లీటరుకు 16 ఇచ్చే బండికి 36 లీటర్లు, లీటరు 110 చొప్పున దాదాపు 4,000. మీరు నలుగురే పోతే ఆర్టీసీ బస్సే నయం. 5 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకు అర టికెట్టే. ఒక్కటి గుర్తుంచుకో: మన స్త్రీశక్తి ఉచిత ప్రయాణం రాష్ట్రం దాటే బస్సులకు వర్తించదు, తెలంగాణలో ఉన్న మహాలక్ష్మి పథకం అక్కడి ఆడవాళ్లకే. తుంగభద్ర వంతెన దాటితే తెలంగాణ వచ్చేస్తుంది కాబట్టి నీ టికెట్ కూడా లెక్కలో వేసుకో.

బస్సు ఎక్కాక హైదరాబాద్ పెద్ద బస్టాండు ఎంజీబీఎస్ దాకా పోయి కూర్చోకండి, అది ఊరి లోపల. 44వ నంబరు జాతీయ రహదారి మీద షాద్‌నగర్ దాటాక శంషాబాద్ వస్తుంది, అక్కడ దిగండి. అక్కడి నుంచి తుక్కుగూడ మీదుగా రావిర్యాలకు క్యాబో ఆటోనో మాట్లాడుకుంటే ఊరి ట్రాఫిక్‌తో పని లేదు. ముందురోజు సాయంత్రమే డోన్ నుంచి మా ఇంటికి వచ్చేయండి. అన్నం తిని తొమ్మిదికల్లా పడుకోబెడితే, తెల్లవారి నాలుగున్నరకు లేపి బస్సు ఎక్కించే పూచీ నాది. పార్కు పదకొండు ప్రాంతంలో తెరుస్తారు, మీరు పదిన్నరకు గేటు దగ్గర ఉంటారు. చిత్రాన్నం, పెరుగన్నం డబ్బాల్లో పెట్టిస్తాను, లోపలికి పోకముందే బయట నీడ చూసుకుని తినేయండి. జొన్న రొట్టెలు ఎండబెట్టి, చెనిక్కాయల పొడి పొట్లం కట్టి ఇస్తాను, అవి రాత్రి లాడ్జిలో పనికొస్తాయి.

లోపల డబ్బు జారిపోయేది చిన్న చిన్న వాటి దగ్గర. నీళ్లలోకి కాటన్ బట్టలతో దిగనివ్వరు, నైలాన్, పాలిస్టర్ లాంటివే ఉండాలి. అవి అక్కడ కొంటే జేబుకు చిల్లు. ఇక్కడ కొండారెడ్డి బురుజు దగ్గర అంగళ్లలో నలుగురికీ ముందే కొనిపెట్టుకో. తువ్వాళ్లు, తడి బట్టలకు ప్లాస్టిక్ సంచి, ఫోనుకు నీళ్లు దూరని కవరు ఇంటి నుంచే పట్టుకుపో. అందరి సామానూ ఒక్క పెద్ద సంచిలో సర్దితే లాకరు ఒకటే సరిపోతుంది. బంగారం అసలు వేసుకోకు. నల్లపూసలు కూడా ఇంట్లో పెట్టి పసుపుతాడుతో పో. అలల కొలనులో గొలుసు జారితే వెతికేదెక్కడ?

ఐస్‌క్రీములు, బొమ్మలు, రైడు మీద తీసే ఫొటోలు, డబ్బు కట్టి ఆడే ఆటలు, ఇవి అడుగడుగునా ఉంటాయి. ప్రతిదానికీ వద్దు, వద్దు అనుకుంటూ పోతే నీకూ పిల్లలకూ రోజు పాడవుతుంది. నేను బడి పిల్లలతో చేసింది చెబుతాను. పొద్దున్నే ఒక్కొక్కరి చేతికి 300 రూపాయలు ఇచ్చేయి. "ఇది నీది. ఏం కొనుక్కుంటావో నీ ఇష్టం, మిగిలితే నీ హుండీలో వేసుకో. మళ్లీ అడిగితే లేదు" అని చెప్పు. తన డబ్బు అనేసరికి పెద్దోడు ధర అడిగి వెనక్కి వస్తాడు చూడు. చిన్నది మొదటి అంగడిలోనే ఖర్చు పెట్టేస్తుంది, పెట్టనీ. రెండోసారి మాత్రం నువ్వు కరగొద్దు.

గేటు తీయగానే జనమంతా మొదట కనిపించిన రైడు దగ్గర ఆగిపోతారు. మీరు ఆగకుండా చివరి దాకా పోయి, అక్కడి పెద్ద రైడ్లతో మొదలుపెట్టండి. అల్లుడూ పెద్దోడూ వాటి మీద ఉంటే నువ్వు పాపతో చిన్న ఆటల వైపు ఉండు. భోజనం తక్కువగా తినండి, తిన్న వెంటనే గిరగిరా తిరిగేవి వద్దు. నీళ్లలోకి మధ్యాహ్నం దిగితే ఎండ కూడా తెలియదు. తడి బట్టలు మార్చుకునే గదుల దగ్గర చివర్లో తోపులాట ఉంటుంది, అరగంట ముందే బయటికి వచ్చేయండి. పాప చేతి మీద పెన్నుతో నీ ఫోన్ నంబరు రాయి. తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో ఒక చోటు చూపించి పెద్దోడితో రెండుసార్లు చెప్పించు.

ఆ రాత్రే తిరిగి వచ్చేస్తామని అల్లుడు అంటాడేమో, ఒప్పుకోకు. ఖర్చు తగ్గించడానికి నేను ఎన్నో చెప్పాను కానీ ఈ ఒక్కటీ తగ్గించొద్దు. అలిసిన పిల్లలతో రాత్రి ప్రయాణం, సొంత బండి అయితే నిద్రమత్తులో నడపడం, వద్దు తల్లీ. శంషాబాద్ దగ్గర శుభ్రమైన లాడ్జిలో ఒక్క గది చాలు. వనస్థలిపురంలో మీ చిన్నత్త ఇల్లుందని తెలుసు. అక్కడికి పోతే స్వీట్లు, పళ్లు, చీర పెట్టడం, రానూ పోనూ క్యాబు, పైగా వాళ్లు రాత్రి పదకొండు దాకా కబుర్లు చెబుతారు. గది అద్దె కంటే అదే ఎక్కువవుతుంది.

రెండో రోజు మెల్లగా లేచి బస్సెక్కి, కర్నూలు ఇంకా పది పదిహేను నిమిషాలు ఉందనగా అలంపూర్ చౌరస్తాలో దిగండి. అక్కడి నుంచి ఆటోలో పోతే జోగులాంబ అమ్మవారి గుడి, పక్కనే చాళుక్యులు 7వ శతాబ్దంలో కట్టించిన నవబ్రహ్మ ఆలయాలు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోతుందని కూడవెల్లి నుంచి విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టిన సంగమేశ్వరుడి గుడి కూడా అక్కడే ఉంది. ఒక్కో రాయికీ గుర్తు పెట్టుకుని గుడిని విప్పి, మరో చోట పేర్చారని పెద్దోడికి చెప్పు, వాడు రైడ్లు చూసినంత ఆశ్చర్యంగా చూస్తాడు. ఆటో బాడుగ తప్ప పెద్ద ఖర్చేమీ ఉండదు. మధ్యాహ్నం గుడి మూసే వేళ కాకుండా చూసుకోండి. సాయంత్రానికి మా ఇంటికి వచ్చి భోంచేసి డోన్ బండెక్కితే సరి.

డబ్బు కోసం ఎవరి దగ్గరా చేయి చాచొద్దు, ఫోన్లో వచ్చే అప్పుల జోలికి అసలు పోవద్దు. ఇప్పటి నుంచి నెలకు రెండు వేలు పక్కన పెట్టినా జూన్ నాటికి సమకూరుతుంది. పిల్లల తిరుగు ప్రయాణం బస్సు డబ్బు నేను ఇస్తాను, కాదనకు.

వచ్చే ఆదివారం నేనే డోన్ వస్తున్నాను. కుట్టు మిషను డబ్బాలోని టేపు తెస్తాను. పెద్దోణ్ణి ఎక్కడికీ ఆటకు పోనివ్వకుండా ఇంట్లో ఉంచు, గోడకు నిలబెట్టి కొలుద్దాం.

మీ పెద్దమ్మ