రెండో గ్రాఫిక్స్ కార్డు కోసం బంగారం తాకట్టు పెట్టకండి

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్. నా వయసు 32. ప్రైవేటు కంపెనీలో నెట్‌వర్క్ పని, చేతికి 46,000 వస్తుంది. అద్దెతో కలిపి ఇంటి ఖర్చు 31,000. భార్య, మూడేళ్ల పాప, 63 ఏళ్ల అమ్మ నా మీదే ఆధారపడి ఉన్నారు. రెండు నెలల క్రితం ఆర్‌టీఎక్స్ ఏ4000 గ్రాఫిక్స్ కార్డు ఉన్న పాత వర్క్‌స్టేషన్ (డిజైన్ పనులకు వాడే పెద్ద కంప్యూటర్) ఒకటి 1,20,000కు క్రెడిట్ కార్డు మీద కొని, 12 నెలల ఈఎంఐగా మార్చుకున్నాను. ఈఎంఐ 10,900. అందులో ప్రాక్స్‌మాక్స్ (ఒకే కంప్యూటర్ లోపల వేరే కంప్యూటర్లను నడిపే సాఫ్ట్‌వేర్) వేసి, లోపలి కంప్యూటర్‌కు, అంటే వర్చువల్ మెషీన్‌కు, గ్రాఫిక్స్ కార్డును నేరుగా అప్పగించి (దీన్నే పాస్‌త్రూ అంటారు), సన్‌షైన్, మూన్‌లైట్ అనే స్ట్రీమింగ్ సాఫ్ట్‌వేర్ల సాయంతో గేమ్స్ మా హాల్లో టీవీకి స్ట్రీమ్ చేస్తున్నాను. చక్కగా నడుస్తోంది. ఇంకో గ్రాఫిక్స్ కార్డు పెడితే కానూరు హాస్టళ్లలోని ఇంజినీరింగ్ విద్యార్థులకు గంటకు 40 రూపాయలకు ఇవ్వొచ్చు. రెండు సీట్లు, రోజుకు 8 గంటలు, 26 రోజులు వేసుకున్నా నెలకు 16,640. కార్డు, ఏసీ, యూపీఎస్ కలిపి 1,40,000 కావాలి. మా ఆవిడ బంగారం మీద లోన్ తీసుకోనా, లేక లక్ష రూపాయల చిట్టీ (నెలకు 4,000, మొత్తం 25 నెలల్లో 9 కట్టాను) పాడుకుని, తక్కువ పడింది స్నేహితుడి దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తేనా? 2024 వరదలో మాది పై అంతస్తు కాబట్టి బండి రిపేరు 18,000 తప్ప నష్టం లేదు, అదీ కార్డు మీదే కట్టేశాను. అత్యవసరానికి కార్డులో లక్షన్నర లిమిట్ ఉంది కాబట్టి ఆ టెన్షన్ లేదు.

జవాబు: రెండూ వద్దు. ఈ ఉత్తరానికి జవాబు రాయడానికి కారణం మీ చివరి వాక్యం. నా దగ్గరకు వచ్చే యువ ఉద్యోగుల్లో చాలామంది ఇదే మాట చెబుతారు, నాకు ప్రతిసారీ భయం వేస్తుంది.

మీరు చెప్పిన లక్షన్నర ఇప్పుడు లేదు. ఈఎంఐగా మార్చిన అసలు మీ లిమిట్‌లోంచి బ్లాక్ అయి ఉంటుంది, మీరు కట్టేకొద్దీ కొంచెం కొంచెం తిరిగి వస్తుంది. రెండు వాయిదాలు కట్టారు, ఇంకా 1,01,000 చిల్లర బాకీ ఉంది. అంటే మీ చేతిలో ఉన్న లిమిట్ 49 వేలకు లోపే. అత్యవసరానికని మీరు చూపించిన డబ్బుతోనే గ్రాఫిక్స్ కార్డు కొనేశారు. మిగిలిన ఆ 49 వేలు కూడా మీవి కావు, బ్యాంకువి. బ్యాంకు ఎప్పుడైనా లిమిట్ తగ్గించుకోవచ్చు.

ఇప్పుడు మీ నెల లెక్క చూడండి. జీతం 46,000. ఇంటి ఖర్చు 31,000, ఈఎంఐ 10,900, చిట్టీ 4,000. మిగిలేది 100 రూపాయలు. చిట్టీలో డివిడెండ్ వచ్చిన నెలలో ఇంకో నాలుగైదు వందలు. పాపకు జ్వరం వచ్చి రెండు రోజులు ఆస్పత్రిలో పెడితే ఆ బిల్లు దేంతో కడతారు? ఇలాంటి నెల మీద ఇంకో 1,40,000 అప్పు ఎత్తుకుంటానంటున్నారు. ఆ మాట చదివి కోపం వచ్చిందని దాచుకోను.

2024 సెప్టెంబరు 1న బుడమేరు మీ పేటను ముంచినప్పుడు నా దగ్గర సలహా తీసుకునే రెండు కుటుంబాలు సింగ్‌నగర్‌లోనే ఉండేవి. ఇద్దరివీ కింది పోర్షన్లే. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, పరుపులు, పిల్లల పుస్తకాలు, అన్నీ బురదలో పోయాయి. ఒకరికి 1,60,000 ఎఫ్‌డీ ఉంది. దాన్ని తీసి పది రోజుల్లో పటమటలో వేరే ఇంటికి మారారు. రెండో వాళ్లకు మీలాగే క్రెడిట్ కార్డు ఉంది. ఫ్రిజ్ దాని మీద వచ్చింది. కానీ కొత్త ఇంటి ఓనరు అడ్వాన్స్ కార్డు మీద తీసుకోడు కదా. బండి మెకానిక్, సామాను మోసే ఆటో, వైరింగ్ చేసే మనిషి, అందరికీ చేతిలో డబ్బే పెట్టాలి. వాళ్లు ఫోన్‌లో లోన్ యాప్ తెరిచి 40,000 తీసుకున్నారు. ఆ వాయిదా కట్టడానికి ఇంకో యాప్. ఇంట్లో సామాను మళ్లీ సమకూరింది కానీ ఆ అప్పు వదిలించుకోవడానికి ఏడాదిన్నర పట్టింది. పై అంతస్తు కాబట్టి మీకు 18 వేలతో పోయింది. అది కూడా కార్డు మీదే కట్టారంటే అప్పటికే మీ దగ్గర అత్యవసర నిధి లేదన్నమాట. అయినా ఏడాదికి పైగా గడిచింది, దాని వైపు ఒక్క రూపాయి కూడా పక్కన పెట్టలేదు.

మీ వ్యాపారం సంగతి. మీరు పాస్‌త్రూ చేసి నడిపించిన తీరు మెచ్చుకోవాల్సిందే. హైదరాబాద్‌లో సర్వర్ల పని చేసే మా మేనల్లుడికి మీ ఉత్తరం వినిపించాను. ఒకప్పుడు మామూలు జీఫోర్స్ గేమింగ్ కార్డులు వర్చువల్ మెషీన్‌లో కోడ్ 43 అనే ఎర్రర్ చూపి మొరాయించేవి, అందుకే వర్క్‌స్టేషన్ కార్డులు వెతికేవాళ్లు, 2021 తర్వాత డ్రైవర్లలో ఆ అడ్డు తీసేశారు అన్నాడు. ఏ4000లో ఉన్న జీఏ104 చిప్పే ఆర్‌టీఎక్స్ 3070 టీఐలోనూ ఉంది. వర్క్‌స్టేషన్ కార్డుకు ఎక్కువ ఇచ్చేది తప్పులు తానే సరిదిద్దుకునే 16 జీబీ ఈసీసీ మెమరీకి, డిజైన్ సాఫ్ట్‌వేర్లకు సర్టిఫై చేసిన డ్రైవర్లకు. గేమ్ ఆడే కుర్రాడికి వాటితో పని లేదు. రెండో కార్డుకు మళ్లీ ఆ డబ్బు పోయడం ఎందుకు?

అన్నిటికంటే ముఖ్యమైనది వాలరెంట్ అనే ఆన్‌లైన్ గేమ్. హాస్టల్ కుర్రాళ్లు మొదట అడిగేది అదే అయితే మీ మెషీన్‌లో అది నడవదు. మోసాలు పట్టడానికి ఆ గేమ్‌తో వచ్చే వాన్‌గార్డ్ సాఫ్ట్‌వేర్ వర్చువల్ మెషీన్‌ను ఒప్పుకోదు. స్టీమ్ అకౌంటు సొంత వాడకానికి ఇచ్చేది, వ్యాపారానికి కాదు. మీ అకౌంటులో గంటల లెక్కన ఇతరులను ఆడిస్తే దాన్ని మూసేసే హక్కు వాళ్లకుంది. ఒక్కో 1080పీ స్ట్రీమ్‌కు 20 ఎంబీపీఎస్ లెక్కన మీ వైపు నుంచి నిలకడగా 40 ఎంబీపీఎస్ అప్‌లోడ్ పోవాలి, అటు చివర యాభై మంది పంచుకునే హాస్టల్ వైఫై. మే నెల ఎండలో ఆ గదికి ఏసీ ఆగకుండా తిరగాలి, ఇంటి కరెంటు పై శ్లాబులో యూనిట్ పది రూపాయలకు దగ్గర, పైగా ఇంటి కనెక్షన్ మీద వ్యాపారం చేయకూడదు. మీ 16,640లో సగం వస్తుందని కూడా నేను రాసుకోను.

మరి ఏం చేయాలి? మెషీన్ అమ్మేయండి. కొన్న షాపులోనే అడగండి, 85,000 ఇచ్చినా తీసుకోండి. ఆ డబ్బుతో క్రెడిట్ కార్డు బాకీ తీర్చేయాలని మీకు అనిపిస్తుంది. తీర్చకండి. జీతం ఖాతా ఉన్న బ్యాంకులోనే స్వీప్ ఎఫ్‌డీలో (కావాల్సినప్పుడు ఖాతాలోకి తిరిగొచ్చే డిపాజిట్‌లో) వేసి, 10,900 ఈఎంఐ మిగిలిన పది నెలలూ జీతంలోంచే కట్టండి. మిగిలిన వడ్డీ సుమారు 7,700, దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 9 వేలు దండగ కాదా అంటారు. ముందే తీర్చాలంటే 1,01,000 కావాలి, ఫోర్‌క్లోజర్ ఛార్జీ అదనం. 85 వేలకు ఇంకో పదహారు వేలు కలపాలి, కలిపాక మీ చేతిలో సున్నా. మరుసటి నెల అమ్మగారికి ఏదైనా అయితే మళ్లీ అదే కార్డు గీకుతారు. ఒక్క జీతం మీద ఐదు పొట్టలు కాకపోయినా నాలుగు నిండాలి, అలాంటి ఇంటికి 85 వేలు చేతిలో ఉండడం కోసం 9 వేలు కట్టినా నేను తప్పు పట్టను. అందులో 10 వేలు మాత్రం నోట్లుగా ఇంట్లో ఉంచండి. వరద రోజుల్లో కరెంటు లేక ఫోన్లు ఆగిపోతే యూపీఐ కూడా ఆగిపోయింది.

ఆ 85 వేలు కూడా చాలవు. మీకు ఆరు నెలల ఖర్చు, అంటే 1,86,000 ఉండాలి. చిట్టీని పాడకండి, చివరిదాకా ఉంచి, కమీషన్ పోగా వచ్చిన డబ్బు చేతికి రాగానే దీనికి కలపండి. రిజిస్టరైన చిట్టీయేనా కాదా ఈ వారమే చూసుకోండి. పది నెలల తర్వాత ఈఎంఐ అయిపోతుంది, ఆ 10,900 మొదటి నెల నుంచే ఇదే ఎఫ్‌డీలోకి వెళ్లాలి.

స్నేహితుడి నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. ఏ గేమింగ్ సీటూ అంత సంపాదించి పెట్టదు. పైగా వాయిదా తప్పితే స్నేహం కూడా పోతుంది. ఇక మీ ఆవిడ బంగారం. నిజంగా ప్రాణం మీదికి వచ్చిన రోజు గంటలో డబ్బు తెచ్చేది ఇంట్లో అదొక్కటే. ఇవాళ దాన్ని గ్రాఫిక్స్ కార్డుకు తాకట్టు పెడితే ఆ రోజు ఏం పెడతారు? ఈ ఆలోచన ఆవిడతో చెప్పారో లేదో మీరు రాయలేదు. చెప్పకపోతే ఈ రాత్రే చెప్పండి.

ఆఫీసు హెల్త్ పాలసీలో సాధారణంగా భార్యాపిల్లలు ఉంటారు, తల్లిదండ్రులు చాలాచోట్ల ఉండరు. అమ్మగారి పేరు లేకపోతే ఆవిడకు విడిగా 5 లక్షల పాలసీ తీసుకోండి, 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్ ప్రీమియం మీద జీఎస్టీ లేదు. మీకు కోటి రూపాయల టర్మ్ పాలసీ. మ్యూచువల్ ఫండ్లు, సిప్‌లు ఏడాది తర్వాత మాట్లాడుకుందాం.

గేమ్స్ మానేయమనడం లేదు. ఈ ఫండ్ నిండాక జీతంలోంచి నెలకు కొంత పక్కన పెట్టి, మామూలు కార్డున్న చిన్న పీసీ నగదుకు కొనుక్కోండి. మీకొచ్చిన పాస్‌త్రూ పని దాని మీదా నడుస్తుంది. ముందు రేపు షాపు తెరవగానే వెళ్లి రేటు అడగండి. రెండు షాపుల్లో అడిగి ఈ నెలలోనే అమ్మేయండి.