పాఠకుల ప్రశ్నలు: సముద్ర దోసకాయ

ప్ర: మా పక్కింటి చైనా కుటుంబం పండక్కి ఎండబెట్టిన సముద్ర దోసకాయలు ఐదు ఇచ్చింది. రాత్రంతా నానబెట్టి కుక్కర్లో ఆరు విజిల్స్ పెట్టాను. పైన జిగురులా కరిగిపోయింది, లోపల చెక్కలా ఉంది. తప్పెక్కడ జరిగింది?
– ఒక పాఠకురాలు, సింగపూర్

జ: తొందరలోనే. పేరు దోసకాయే అయినా ఇది సముద్రపు అడుగున బతికే జీవి. దీని ఒంట్లో మనం తినేదంతా కొల్లాజెన్ అనే ప్రొటీన్‌తో అల్లుకున్న మందపాటి చర్మం. ఎండితే రాయిలా బిగుసుకుంటుంది, నీరు నడిమికి దిగడానికి రోజులు పడుతుంది. దిగకముందే కుక్కర్ వేడి తగిలితే పైపొర కరుగుతుంది, లోపలిది అలాగే ఉండిపోతుంది.

ఈసారి ముందుగా గిన్నె, కత్తెర, చేతులు సబ్బుతో జిడ్డు లేకుండా కడుక్కోండి. నూనె గానీ ఉప్పు గానీ తగిలితే సరిగా ఉబ్బదు, పైపెచ్చు మెత్తబడి పాడవుతుంది. పోపు వేసిన గిన్నె అసలు వాడొద్దు. చన్నీళ్లలో వేసి ఫ్రిజ్‌లో 24 గంటలు ఉంచండి, మధ్యలో రెండుసార్లు నీళ్లు మార్చండి. కాస్త మెత్తబడ్డాక పొట్ట వైపు నిలువునా కత్తిరించి ఇసుక, పేగు ముక్కలు తీసేయండి. నోటి దగ్గర సున్నంతో ఏర్పడిన తెల్లటి గట్టి వలయం ఉంటుంది. అది ఉడకదు, పంటికి తగులుతుంది, కోసి పారేయండి. లోపలి గోడ మీద నిలువుగా ఐదు కండరాల పట్టీలు కనిపిస్తాయి. వాటిని తీయక్కర్లేదు, రెండు మూడు చోట్ల అడ్డంగా గాటు పెడితే ఒళ్లు బాగా సాగుతుంది.

తర్వాత కొత్త నీళ్లలో సన్నని సెగ మీద 30 నుంచి 40 నిమిషాలు ఉడికించి, మూత తీయకుండా దానంతటదే చల్లారనివ్వండి. పుల్ల గుచ్చితే తేలిగ్గా దిగిందంటే అయినట్టే. అన్నీ ఒకేసారి ఉడకవు. అయినవి తీసేసి, గట్టిగా ఉన్నవాటిని మళ్లీ పెట్టండి. చివరగా ఐసు వేసిన నీళ్లలో ఫ్రిజ్‌లో ఒకటి రెండు రోజులు ఉంచండి. అసలు ఉబ్బడం ఇక్కడే జరుగుతుంది, చాలామంది వదిలేసేదీ ఈ పనే.

దీనికి సొంత రుచి దాదాపు ఉండదు. అల్లం, ఉల్లికాడలు వేసి మరిగించిన చిక్కని కోడి రసంలో ఆఖరి పది నిమిషాలు వేస్తే చాలు. మన మసాలా కూరలో వేస్తే ఆ మెత్తని సాగుడు మరుగున పడిపోతుంది.

ప్ర: ఇది నక్షత్ర చేపకు చుట్టమని పుస్తకంలో చదివాను. పోలికే కనిపించదే?
– డిగ్రీ విద్యార్థి, బాపట్ల

జ: పోలిక లోపల ఉంది. పైన చెప్పిన ఐదు పట్టీలే సాక్ష్యం. నక్షత్ర చేపకు ఐదు చేతులున్నట్టే దీని శరీరమూ ఐదు భాగాల లెక్కలోనే ఏర్పడింది, కాకపోతే సాగి పక్కకు పడుకుంది. ఇంకో వింత దీని ఊపిరి. చాలా జాతుల్లో మలద్వారం గుండా నీటిని లోపలికి పీల్చి, చెట్టు కొమ్మల్లా చీలిన రెండు గొట్టాలతో ఆక్సిజన్ తీసుకుంటాయి. బెదిరిస్తే కొన్ని జాతులు పేగులనే బయటికి కక్కేసి, కొన్ని వారాల్లో మళ్లీ పెంచుకుంటాయి.

ప్ర: వలలో పడితే ఎండబెట్టి అమ్ముకోవచ్చా? మంచి ధర వస్తుందంటున్నారు.
– ఒక పాఠకుడు, కాకినాడ

జ: వద్దు. 2001లోనే మన ప్రభుత్వం వీటిని వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చింది. పట్టడం, దగ్గర ఉంచుకోవడం, అమ్మడం అన్నీ నేరమే. తమిళనాడు తీరంలో ‘కడల్ అట్టై’ పేరుతో వీటిని దొంగచాటుగా తరలిస్తూ దొరికినవాళ్లు ఎందరో. నిషేధానికి బలమైన కారణం ఉంది. ఇవి గుడ్లనూ వీర్యాన్నీ నీటిలోకే వదులుతాయి. పట్టేసి పల్చబరిస్తే ఆ రెండూ కలవవు, మిగిలినవి ఉన్నా సంతతి పెరగదు. లక్షద్వీప్‌లో 2020లో చెరియపాణి పగడపు దిబ్బ చుట్టూ 239 చదరపు కిలోమీటర్లను వీటి కోసమే రక్షిత ప్రాంతం చేశారు.

వలలో వస్తే పిసక్కుండా, ఎండలో పడేయకుండా, సముద్రపు నీళ్లున్న బకెట్లో వేసి, వీలైనంత త్వరగా పట్టిన చోటే వదిలేయండి.